రొమ్ము క్యాన్సర్ ముప్పు: ఏది ముందు మార్చుకోవాలి, ఎలా మార్చుకోవాలి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు మన తెలుగిళ్ళలో ఒకావిడకు రొమ్ములో గడ్డ ఉందని తెలిస్తే చాలు, చుట్టుపక్కల వాళ్ళు తినకూడని వాటి పేర్లు చెప్పడం మొదలుపెడతారు. వంకాయ వద్దు, గుడ్డు వద్దు, చేప వద్దు, పంచదార విషం అంటారు. వీటిలో చాలావాటికి రొమ్ము క్యాన్సర్‌తో సంబంధం ఉందనడానికి గట్టి ఆధారం లేదు. సంబంధం ఉందని ఏళ్ళ తరబడి పరిశోధనల్లో తేలుతూ వచ్చినవి మాత్రం ఆ మాటల్లో వినపడవు. సారా, కల్లు, నడుము చుట్టూ పేరుకున్న కొవ్వు, ఒంటికి కదలిక లేని రోజులు, డాక్టరును అడక్కుండా నెలల తరబడి మింగే హార్మోన్ మాత్రలు, వీటి గురించి ఎవరూ మాట్లాడరు. మన ఆడవాళ్ళకు మిగిలే కాస్త ఓపిక, కాస్త డబ్బు పనికిరాని పథ్యాలకు పోతుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే ఇక్కడ ఏ పని ముందు చేయాలో, ఏది తర్వాత చేయవచ్చో, ఏది అసలు పట్టించుకోనక్కర్లేదో వరుసగా రాస్తున్నాను.

2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది ఆడవాళ్ళకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని అంచనా. ఆ ఏడాది దాదాపు 98,000 మంది దీనివల్ల చనిపోయారు. మన ఆడవాళ్ళలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం, ఈ జబ్బు వచ్చినవాళ్ళలో దాదాపు సగం మందికి ఆడవాళ్ళై ఉండటం, నలభై దాటడం తప్ప చెప్పుకోదగ్గ కారణం ఇంకేదీ కనపడదు. అంటే తిండి, బరువు, నడక అన్నీ సరిగ్గా ఉన్న మనిషికీ రావచ్చు. ఇక్కడ రాసినవి ముప్పును తగ్గిస్తాయి, పూర్తిగా తీసేయవు. జబ్బు వచ్చిన మనిషిని పట్టుకుని ‘ఏం తిన్నావు, ఏం పాపం చేశావు’ అని అడగకండి. ఎవరైనా అడుగుతుంటే అక్కడే ఆపండి.

మొదటి పని: ఇంటి చరిత్ర కాగితం మీద పెట్టండి

నోటుబుక్కులో ఒక పేజీ తీసుకోండి. అమ్మ, అక్కచెల్లెళ్ళు, అమ్మమ్మ, పెద్దమ్మలు, పిన్నులు, వీళ్ళలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ గానీ అండాశయ క్యాన్సర్ గానీ వచ్చిందా, వస్తే ఏ వయసులో వచ్చింది అన్నది రాయండి. తర్వాత నాన్న వైపు కూడా ఇలాగే రాయండి: నాయనమ్మ, మేనత్తలు, పెదనాన్న, చిన్నాన్నల కూతుళ్ళు. నాన్న వైపును చాలామంది వదిలేస్తారు. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పును పెంచే లోపం, అంటే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లో ఉండే లోపం, అమ్మ నుంచి ఎంత సులువుగా వస్తుందో నాన్న నుంచీ అంతే సులువుగా వస్తుంది. మేనరికం ఇళ్ళలో అత్తగారే మేనత్త కూడా అయితే ఆమె పేరూ ఈ లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే అక్కడ రక్తసంబంధం ఉంది. మగవాళ్ళకు కూడా రొమ్ము క్యాన్సర్ వస్తుంది, మొత్తం రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటో అంతకంటే తక్కువో. ఇంట్లో మగమనిషికి వచ్చి ఉంటే తప్పకుండా రాయండి.

మొత్తం రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతం మాత్రమే. కాబట్టి ‘మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకు రాదు’ అనుకోవడం సరికాదు. అలాగే ఇంట్లో ఒకరికి ఉన్నంత మాత్రాన మీకు వచ్చి తీరుతుందనీ కాదు. దగ్గరి బంధువుల్లో ఇద్దరికి వచ్చినా, ఒకరికే అయినా యాభై లోపు వచ్చినా, అండాశయ క్యాన్సర్ కూడా ఉన్నా ఆ పేజీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళి, జన్యు పరీక్ష అవసరమా అని అడగండి.

అదే పేజీలో ఇంకో నాలుగు వివరాలు రాయండి: మీరు ఏ వయసులో పెద్దమనిషి అయ్యారు, మొదటి కాన్పు ఎప్పుడు, ముట్లు ఎప్పుడు ఆగాయి, ఎప్పుడైనా ఛాతీకి రేడియేషన్ వైద్యం జరిగిందా. పన్నెండేళ్ళ లోపే ముట్టు మొదలవడం, యాభై అయిదు దాటాక ఆగడం, మొదటి బిడ్డ ముప్పై తర్వాత పుట్టడం, పిల్లలు లేకపోవడం, ఇవన్నీ ముప్పును కొంచెం పెంచుతాయి. వీటిని ఇప్పుడు మార్చలేరు, మార్చుకోలేకపోయామని బెంగ కూడా పెట్టుకోకండి. డాక్టరుకు చెప్పడానికి పనికొస్తాయి, అంతే.

రెండో పని: మందు విషయంలో ఉన్నది ఉన్నట్టు మాట్లాడుకోండి

తినేవాటిలో, తాగేవాటిలో రొమ్ము క్యాన్సర్‌తో అన్నిటికంటే గట్టిగా ముడిపడి ఉన్నది మద్యం. బీరు, బ్రాందీ, ఇప్పసారా, జీలుగు కల్లు, బియ్యంతో పులియబెట్టే హాండియా, పేరు ఏదైనా లోపల ఉండే ఆల్కహాల్ ఒక్కటే. అది ఒంట్లో అసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారి కణాల్లోని డీఎన్ఏను దెబ్బతీస్తుంది. ఈస్ట్రోజన్ అనే హార్మోన్‌ను కూడా పెంచుతుంది. రోజుకు 10 గ్రాముల ఆల్కహాల్, అంటే సుమారు ఒక 30 మిల్లీలీటర్ల పెగ్గు గానీ ఒక గ్లాసు మామూలు బీరు గానీ, అలవాటుగా తాగేవాళ్ళలో ముప్పు దాదాపు 7 శాతం పెరుగుతుందని పెద్ద పరిశోధనల్లో తేలింది. ఈ 7 శాతాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. నూరు మందిలో 7గురికి వస్తుందని దీని అర్థం కాదు. నూటికి ముగ్గురికి వచ్చే చోట ఆ మూడు కాస్తా 3.2 అవుతుంది. రోజుకు మూడు పెగ్గులైతే ఇంకా పెరుగుతుంది. ఇంతవరకు తాగితే ఏమీ కాదు అని చెప్పగలిగిన గీత మాత్రం ఎక్కడా లేదు.

కొండ ఊళ్ళలో పండక్కీ పెళ్ళికీ వచ్చినవాళ్ళకు కల్లు పోయడం ఒక మర్యాద. దాన్ని చిన్నచూపు చూడమని నేను చెప్పడం లేదు. పట్నంలో ఉన్న మన ఇళ్ళలోనూ ఆడవాళ్ళు తాగరని అనుకుంటూ ఆ మాటే ఎత్తరు కాబట్టి, తాగే ఆవిడ డాక్టరుకు కూడా చెప్పలేకపోతోంది. ఇలా చేసి చూడండి. వారంలో ఎన్ని రోజులు తాగుతున్నారో ముందు క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. రోజూ తాగేవాళ్ళైతే సంత రోజుకో పండగ రోజుకో తగ్గించుకోండి, ఆ తర్వాత పూర్తిగా మానే దిశగా వెళ్ళండి. అయితే ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగుతున్నవాళ్ళు ఒక్కసారిగా ఆపకూడదు. చేతులు వణకడం, ఫిట్స్ రావడం జరగవచ్చు. వాళ్ళు ఆసుపత్రికి వెళ్ళి డాక్టరు చూస్తుండగా మానాలి. ‘రెడ్ వైన్ గుండెకు మంచిదట’ అనే మాట విని కొత్తగా మొదలుపెట్టవద్దు. రొమ్ముకు వైనూ సారానే.

మూడో పని: టేపు పెట్టి నడుము కొలవండి, తర్వాత కంచం వైపు చూడండి

ముట్లు ఆగాక అండాశయాలు ఈస్ట్రోజన్ తయారు చేయడం దాదాపు ఆపేస్తాయి. అప్పటి నుంచి ఒంట్లోని కొవ్వే ఆ పని చేస్తుంది. కొవ్వు ఎంత ఎక్కువ ఉంటే ఆ హార్మోన్ అంత ఎక్కువ తయారవుతుంది, రొమ్ములోని కణాలను పెరగమని అంత ఎక్కువగా ప్రేరేపిస్తుంది. ముట్లు నడుస్తున్న వయసులో ఈ సంబంధం ఇంత సూటిగా ఉండదు. కానీ నలభైల్లో ఎక్కిన బరువే యాభైల్లోనూ ఉండిపోతుంది కాబట్టి ముందే జాగ్రత్త పడటం తేలిక.

కుట్టుపని టేపు చాలు. చిట్టచివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ సరిగ్గా మధ్యలో, బట్ట మీద కాకుండా ఒంటి మీద, ఊపిరి మామూలుగా వదిలాక కొలవండి. మన దేశపు ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు, అంటే సుమారు 31 అంగుళాలన్నర దాటితే పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువ ఉన్నట్టు. బరువుకు కూడా మనవాళ్ళకు వేరే గీత ఉంది: బీఎంఐ (ఎత్తును బట్టి వేసే బరువు లెక్క) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. లెక్క వేయడం రాకపోయినా పర్వాలేదు. అయిదు అడుగుల ఎత్తున్న ఆవిడకు 53 కిలోలు దాటితే మొదటి గీత, 58 దాటితే రెండోది. ఈ అంకెలు చూసి చాలామంది కంగారు పడతారు. ఒక్క నెలలో పది కిలోలు తగ్గాలని ఎవరూ అనడం లేదు. ముందు పెరగడం ఆగాలి, ఆ తర్వాత నెలకు కిలో, రెండు కిలోలు చొప్పున తగ్గితే చాలు.

ఇక కంచం సంగతి. ఏం వండాలన్నదాని కంటే ముందు, వండినది ఎవరికి ఎంత మిగులుతోందో చూడండి. చాలా ఇళ్ళలో మగవాళ్ళు, పిల్లలు, అత్తమామలు తిన్నాక చివరికి ఆవిడ కూర్చుంటుంది. అప్పటికి పప్పు అడుగంటి ఉంటుంది, కూర గిన్నె ఖాళీ. మిగిలింది అన్నం, చారు, ఆవకాయ. దాంతో కడుపు నింపుకోవాలంటే అన్నమే ఎక్కువ పెట్టుకోవాలి. ఇలా ఏళ్ళు గడిస్తే రక్తం తక్కువగా ఉండి, బరువు మాత్రం ఎక్కువగా ఉండే మనిషి తయారవుతుంది. డైట్ ప్లాన్ అని ఏది రాసిచ్చినా ఈ ఒక్క విషయం మారకపోతే దండగ. కాబట్టి కూర దింపగానే మీ వంతు ఒక గిన్నెలో తీసి మూత పెట్టండి. ఇది స్వార్థం కాదు. ఇది చదువుతున్నది ఇంట్లో మగవాళ్ళైతే, ఆవిడ గిన్నె మీరే తీసి పక్కన పెట్టండి.

కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలోని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ ఒక మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు చెబుతోంది. 400 గ్రాములంటే పెద్ద మాటలా ఉంటుంది గానీ, మన వైపు వంటలోనే దానికి దారి ఉంది. ఒడియా ఇళ్ళ నుంచి మన వంటింట్లోకి వచ్చేసిన దాల్మానే తీసుకోండి. కందిపప్పులో పచ్చి బొప్పాయి, గుమ్మడికాయ, అరటికాయ, వంకాయ, ములక్కాడ వేసి ఉడికించి, చివర్లో జీలకర్ర, ఎండుమిరప పొడి. నూనె ఒక చెంచా చాలు, అన్నం కంటే ముక్కలు ఎక్కువ తినొచ్చు. వారంలో మూడు నాలుగు రోజులు మామూలు పప్పు బదులు ఇది వండితే సగం పని అయిపోయినట్టే. మిగిలిన రోజుల్లో మునగాకు, తోటకూర, గుమ్మడి ఆకు వేపుడుకు బదులు పప్పులో వేయండి. సంతలో వెదురు కొమ్ములు, కొండ చిక్కుళ్ళు దొరికే కాలంలో అవీ మంచివే. ఓట్సు, కినోవా లాంటివి కొనాల్సిన అవసరం లేదు.

ఆకుకూరలు, గుమ్మడి, బొప్పాయి లాంటివి రొమ్ము క్యాన్సర్ ముప్పును కొంత తగ్గించవచ్చని చెప్పే ఆధారాలు ఉన్నాయి, కాకపోతే మద్యానికీ బరువుకీ ఉన్నంత బలమైనవి కావు. అయినా నేను వాటిని గట్టిగా చెప్పడానికి కారణం, అవి కడుపు నింపి బరువును అదుపులో ఉంచుతాయి. చోడి (రాగి) అంబలి సంగతీ అంతే. చోళ్ళలో పీచు ఉంది, కాల్షియం ఉంది, ఉదయం అంబలి తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి ఆగుతుంది. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల పథకం మొదలుపెట్టాక కోరాపుట్, రాయగడ వైపు చోళ్ళకు మళ్ళీ విలువ వచ్చింది. అయితే చోళ్ళు తింటే క్యాన్సర్ రాదని ఎవరైనా పొట్లాలు అమ్మితే నమ్మకండి. ఒక పూట అన్నం బదులు తింటేనే లాభం, అన్నం మీద అదనంగా తింటే బరువు పెరుగుతుంది.

చద్దన్నం, పఖాళ ఎండాకాలంలో హాయిగా తినండి. పక్కన నంజుకునే దాని మీద దృష్టి పెట్టండి. వేయించిన వడియాలు, అప్పడాలు, బొరాలకు బదులు ఉల్లిపాయ, పెరుగు, కాల్చిన వంకాయ పచ్చడి, ఆకుకూర పెట్టుకుంటే సరి.

టీ సంగతి విడిగా చెప్పాలి. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాల పంచదార అంటే రోజుకు సుమారు 40 గ్రాములు, నెలకు కిలో పైనే. పంచదార నేరుగా క్యాన్సర్ తెప్పించదు, కానీ ఈ కిలో ఎక్కడికీ పోదు, నడుము దగ్గరే చేరుతుంది. ఒక్కసారి మానడం కష్టం. ఒక వారం చెంచాన్నర, తర్వాత వారం ఒకటి, ఇలా తగ్గించండి. సాయంత్రం టీతో తినే మిక్చరు, సింగడాల (సమోసాల) బదులు మరమరాల్లో ఉల్లి, టమాటా, వేరుశనగ గుప్పెడు కలుపుకోండి. ఇంటికి నూనె నెలకు ఎన్ని లీటర్లు వస్తోందో కూడా లెక్క చూడండి. నలుగురున్న ఇంట్లో మూడు నాలుగు లీటర్లు దాటుతుంటే వేపుళ్ళు తగ్గించే సమయం వచ్చింది.

నాలుగో పని: ఊపిరి వేగం పెరిగేలా కదలండి

వారానికి కనీసం 150 నిమిషాలు, వీలైతే 300 నిమిషాల దాకా చురుగ్గా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బాగా కదిలే ఆడవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ 10 నుంచి 20 శాతం దాకా తక్కువగా కనిపిస్తోంది. బరువు తగ్గకపోయినా ఈ లాభం ఉంటుంది, అందుకే ‘నడిచినా తగ్గడం లేదు’ అని మానేయకండి.

‘ఇంటి పనే సరిపోతుంది’ అనేవాళ్ళు ఇలా పరీక్షించుకోవచ్చు. ఆ పని చేస్తున్నప్పుడు మాట్లాడగలగాలి గానీ పాట పాడేంత ఊపిరి అందకూడదు. నీళ్ళు మోయడం, జీడితోటలో పని, పొలం పని ఆ లెక్కలోకి వస్తాయి. అలాంటి పని చేసే ఆవిడకు నేను ఇంకా నడవమని చెప్పను. ఆమెకు కావాల్సింది సరైన తిండి, కాస్త విశ్రాంతి. బరంపురంలో అప్పడాలు వత్తేవాళ్ళు, మగ్గం మీద కూర్చునేవాళ్ళు, మిషను కుట్టేవాళ్ళు, కొట్లో కూర్చునేవాళ్ళు మాత్రం రోజంతా అలిసిపోతారు, గుండెకు పని మాత్రం పడదు. ఆ అలసట నిజమే, కానీ అది నడకకు సాటి రాదు. వీళ్ళు గంటకోసారి లేచి అయిదు నిమిషాలు తిరగాలి. దాంతో పాటు రోజుకు అరగంట చొప్పున వారంలో అయిదు రోజులు చురుగ్గా నడవాలి. ఒక్కరే వెళ్ళడానికి మొహమాటం గానీ భయం గానీ ఉంటే పక్కింటి వదినని, ఎదురింటి పిన్నిని కలుపుకోండి. ఎండాకాలంలో ఆరు లోపే బయల్దేరండి. చీర మీద కాన్వాస్ బూట్లు వేసుకుంటే ఎవరో నవ్వుతారని మోకాళ్ళు పాడుచేసుకోవద్దు.

అయిదో పని: చనుపాలు, మాత్రలు

బిడ్డకు పాలివ్వడం తల్లికీ రక్షణే. 30 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాలను కలిపి 2002లో చూసినప్పుడు, పాలిచ్చిన ప్రతి పన్నెండు నెలలకూ ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గినట్టు తేలింది. ఇద్దరు పిల్లలకు రెండేసి ఏళ్ళు ఇస్తే ఎంత అవుతుందో చూడండి. కాబట్టి పుట్టిన గంటలోపే పట్టించండి, ముర్రుపాలు పిండి పారబోయనివ్వకండి, ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టకండి, తర్వాత మెత్తని తిండితో పాటు రెండేళ్ళ దాకా కొనసాగించండి. పాలు పడక, ఉద్యోగం వల్ల, ఆరోగ్యం వల్ల ఇవ్వలేకపోయిన తల్లులు దీన్ని మనసులో పెట్టుకుని కుమిలిపోవద్దు. ముప్పును తగ్గించుకునే దారులు మీకు ఇంకా ఉన్నాయి.

గర్భం రాకుండా వాడే మాలా-ఎన్, మాలా-డి లాంటి మాత్రలు వాడుతున్నంత కాలం ముప్పును కొద్దిగా పెంచుతాయి. ఆపాక ఆ పెరుగుదల ఏళ్ళు గడిచేకొద్దీ పోతుంది. అవే మాత్రలు అండాశయ, గర్భాశయ క్యాన్సర్లను తగ్గిస్తాయి. భయపడి ఒక్కసారిగా మానేసి అక్కర్లేని గర్భం తెచ్చుకోవద్దు. మొదటి పనిలో రాసిన పేజీలో దగ్గరి బంధువుల పేర్లు ఉంటే వేరే పద్ధతి చెప్పమని ఆశా దీదీనో డాక్టరునో అడగండి.

ముట్లు ఆగే రోజుల్లో ఒళ్ళంతా ఆవిర్లు, చెమటలు వస్తుంటే ఇచ్చే హార్మోన్ వైద్యం గురించి ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు కలిపి వాడిన ఆడవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ పెరగడం చూసి అమెరికాలో ఒక పెద్ద పరిశోధనను 2002లో మధ్యలోనే ఆపేశారు. బాధ భరించలేనంతగా ఉంటే డాక్టరు చూసి, తక్కువ కాలం ఇవ్వవచ్చు. కానీ పాత చీటీ చూపించి మందుల షాపులో నెల నెలా కొనుక్కోవడం, సరిహద్దు దాటి పాతపట్నంలోనో ఇచ్ఛాపురంలోనో దొరికాయని తెచ్చుకోవడం ఆపండి.

పొగాకు, రాత్రి డ్యూటీ

గుడాకు (పళ్ళకు రాసుకునే పొగాకు ముద్ద), ఖైనీ, చుట్ట, బీడీ, వీటి మొదటి దెబ్బ నోటి మీద, గొంతు మీద, ఊపిరితిత్తుల మీద. గంజాం, శ్రీకాకుళం తీరంలో పెద్దవయసు ఆడవాళ్ళు నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అంగిలికి పుండు తెస్తుంది. చిన్నవయసులో పొగ తాగడం మొదలుపెట్టిన ఆడవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. మానాలనుకుంటే 1800-11-2356 ఉచిత నంబరు. ఇంట్లో మగవాళ్ళు కాలుస్తుంటే బయటికి వెళ్ళి కాల్చమనండి.

ఏళ్ళ తరబడి రాత్రి డ్యూటీలు చేయడాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే వర్గంలో పెట్టి, 2019లో మళ్ళీ అదే చెప్పింది. నర్సమ్మలు ఉద్యోగం మానుకోలేరు. డ్యూటీ మార్చుకునే వీలుంటే మార్చుకోండి, పగలు చీకటి గదిలో నిద్రపోండి, కింద చెప్పిన పరీక్ష మాత్రం తప్పించుకోవద్దు.

వదిలేయాల్సిన భయాలు

సోయా బడి, మీల్ మేకర్ తినొచ్చు. మామూలుగా వండుకుని తినే సోయా రొమ్ము క్యాన్సర్ తెప్పించదు. బ్రాయిలర్ కోడి తొందరగా పెరిగేది జాతి ఎంపిక వల్ల, దాణా వల్ల. చర్మం తీసి, తక్కువ నూనెలో వండుకుంటే ఇబ్బంది లేదు. బిగుతు జాకెట్టు, నల్ల బ్రా, జాకెట్టులో పెట్టుకునే పర్సు, సెల్‌ఫోన్, చంకలో రాసుకునే సెంటు, ఇవేవీ కారణాలని తేలలేదు. రొమ్ముకు దెబ్బ తగిలినందువల్ల క్యాన్సర్ రాదు. దెబ్బ తగిలిన చోట చేయి పెట్టి చూసుకున్నప్పుడు అప్పటికే ఉన్న గడ్డ తెలుస్తుంది, అంతే తేడా. ఈ జబ్బు అంటుకోదు. కంచం, గ్లాసు వేరు చేయకండి. పసుపు వంటలో వేసుకోండి, గుళికలుగా డబ్బు పెట్టి కొనవద్దు.

ఆఖరి పని: రొమ్మును ఎరిగి ఉండటం, గడ్డ కనపడితే కదలడం

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా వచ్చే అవకాశం ఉందని మొదటే చెప్పాను. అందుకే దీన్ని వదిలేయడానికి లేదు. షాంఘైలో బట్టల మిల్లుల్లో పనిచేసే 2,66,000 మందికి పైగా ఆడవాళ్ళతో చేసిన పరిశోధనలో, నెల నెలా పద్ధతిగా సొంతంగా తడిమి చూసుకోవడం నేర్పినందువల్ల మరణాలు తగ్గలేదని 2002లో తేలింది. ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళు లక్షన్నర మందితో ఇరవై ఏళ్ళు చేసిన పరిశోధనలో మాత్రం, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్షించిన వాళ్ళలో జబ్బు ముందు దశలోనే బయటపడింది. యాభై దాటినవాళ్ళలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. కాబట్టి స్నానం చేసేటప్పుడు, జాకెట్టు వేసుకునేటప్పుడు మీ రొమ్ము మామూలుగా ఎలా ఉంటుందో తెలుసుకుని ఉండండి. అసలు పరీక్ష మాత్రం నేర్చుకున్న చేతులతో చేయించుకోండి.

ముప్పై దాటిన ప్రతి ఆడమనిషికీ అరవై అయిదు దాకా అయిదేళ్ళకోసారి రొమ్ము, నోరు, గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయాలన్నది ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. మీ ఊరి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరానికి బీపీ, షుగరు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ‘దీదీ, రొమ్ము కూడా చూడండి’ అని మీరే అడగండి. అడగకపోతే రద్దీలో అది జరగదు. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే అయిదేళ్ళు ఆగకుండా, మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) ఎప్పటి నుంచి తీయించాలో డాక్టరును అడగండి.

ఇవి కనపడితే రెండు వారాలకు మించి ఆగవద్దు: నొప్పి లేని గట్టి గడ్డ, చంకలో కాయ, చనుమొన లోపలికి లాగుకుపోవడం, దాని నుంచి రక్తం రావడం, చనుమొన మీద మానని పుండు, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడటం, ఒక రొమ్ము కొత్తగా ఎర్రబడటం లేదా ఆకారం మారడం. నొప్పి లేదు కదా అని చాలామంది ఊరుకుంటారు. మొదట్లో క్యాన్సర్ గడ్డకు సాధారణంగా నొప్పి ఉండదు. గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు, కానీ అది తేల్చాల్సింది గుడి దగ్గర కూర్చుని నాటువైద్యం, జోస్యం చెప్పే దిశారి కాదు, ఆకు పసరు పట్టు వేసేవాళ్ళు అసలే కాదు. పసరు కింద గడ్డ పుండయ్యాక ఆసుపత్రికి వచ్చినవాళ్ళకు డాక్టర్లు చేయగలిగింది తగ్గిపోతుంది. మొదట చూపించుకున్న రోజు నుంచి 60 రోజుల్లోపు జబ్బేమిటో తేలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గడువు. మీరూ అదే గడువు పెట్టుకోండి.

ముందు జిల్లా ఆసుపత్రిలో సర్జన్‌కు చూపించండి. కోరాపుట్‌లో, బరంపురంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. అక్కడి నుంచి కటక్ ఆచార్య హరిహర క్యాన్సర్ సంస్థకు గానీ, విశాఖ దగ్గర అగనంపూడిలో ఉన్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి గానీ పంపవచ్చు. రాయగడ, గుణుపురం వాళ్ళకు విశాఖ రైలు సులువు, భాషా సులువు. బయల్దేరే ముందు ఒక్క ఫోను చేసి, మీ ఒడిశా ఆరోగ్య కార్డు ఆ ఆసుపత్రిలో చెల్లుతుందా, ఏ కాగితం తేవాలి అని కనుక్కోండి. అక్కడికి వెళ్ళాక కార్డు పనికిరాదని తెలిసి వెనక్కి తిరిగితే నెలలు పోతాయి. ఆధార్, రేషన్ కార్డు, ఆయుష్మాన్ కార్డు అసలు, జిరాక్సులు రెండూ పెట్టుకోండి.

డాక్టరు చేత్తో చూస్తారు, స్కానింగో మామోగ్రామో తీస్తారు, తర్వాత సూదితో చిన్న ముక్క తీస్తారు, దీన్నే బయాప్సీ అంటారు. ‘సూది పెడితే ఒళ్ళంతా పాకిపోతుంది’ అన్న మాట నిజం కాదు. ఆ ముక్క చూడకుండా ఏ మందు ఇవ్వాలో ఎవరూ చెప్పలేరు. క్యాన్సర్ అని తేలితే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు (గడ్డ హార్మోన్ల వల్ల పెరిగే రకమా, హెర్2 అనే ప్రొటీను ఎక్కువున్న రకమా అని చూసేవి) చేశారా అని అడగండి, వైద్యం వాటిని బట్టే ఉంటుంది. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మారుతుంటే రిపోర్టు ఒక్కటే తీసుకుని రాకండి. తీసిన ముక్కను భద్రపరిచిన బయాప్సీ స్లైడ్లు, మైనపు బ్లాకు కూడా సంతకం పెట్టి అడిగి తీసుకోండి. అవి లేకపోతే కొత్త చోట మళ్ళీ సూది పొడిపించుకుని, మళ్ళీ రిపోర్టు కోసం ఎదురు చూడాల్సి రావచ్చు.